ఇల్లు పీకిన డ్రిల్లు

జూన్ 3

ఒరేయ్ కరపత్రం,

నేను క్షేమం. నువ్వూ క్షేమమే అనుకుంటాను. మీ బాబాయి మాత్రం ఆసుపత్రిలో తను క్షేమంగా పడుకుని నన్ను క్షేమంగా ఉండనివ్వడం లేదు.

ముందు ఒక మాట. ఫోను అమ్మేసి "చేతి సంకెళ్ళు తెంచుకున్నాను" అని చుట్టాలందరికీ చాటావు చూడు, దానివల్ల నాకు మేలే జరిగింది. ఫోనులో నీ ఉపన్యాసం ఆపడం నా తరం కాదు. ఉత్తరమైతే నచ్చని పేజీ దాటేయొచ్చు. కాబట్టి ఎంతైనా రాయి, దాటేస్తాను.

ఇక సంగతి. ఇన్నేళ్ళు బస్సు నడిపిన మనిషి, ఆగి ఉన్న బస్సు మెట్టు మీంచి జారి మోకాలు విరగ్గొట్టుకున్నారని నీకు తెలుసు. డాక్టరు లోపల రేకు పెట్టి స్క్రూలు బిగించాడు. ఇక ఆయన గొప్ప చూడాలి. "నా కాల్లో ఉన్నన్ని స్క్రూలు నీ కుట్టు మిషనుకి కూడా లేవు" అంటున్నారు. ఇంటికొచ్చాక ఎత్తు మంచం మీదే పడుకోవాలట, కిందనుంచి లేవకూడదట. మన మంచం సంగతి తెలుసుగా, నేలతో రహస్యం చెబుతున్నట్టు ఉంటుంది. వడ్రంగిని అడిగితే వచ్చే నెలాఖరుకి చూద్దాం అన్నాడు. "అయితే నేనే చేస్తాను" అన్నాను.

నవ్వారు. ఆయన నవ్వితే నవ్వారు, పక్క మంచం మీద కుట్లేయించుకుని పడుకున్న ముసలాయన కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. "గుండీ కుట్టినట్టు అనుకున్నావా, అది చెక్క" అన్నారు మీ బాబాయి. నాకు మండింది. పందెం కట్టాను. నర్సమ్మ సాక్షి. ఆయన వీధి తలుపు తోసుకుని లోపల అడుగు పెట్టేసరికి మంచం సిద్ధంగా ఉండాలి. ఎక్కి కూర్చుంటే కిర్రుమనకూడదు. గెలిస్తే వెనక గది నాది. ఓడితే ఆ చెక్కలన్నీ టీ కొట్టువాడి పొయ్యిలోకి, నేను మళ్ళీ సుత్తి ముట్టకూడదు.

వెనక గదిలో ఏముందో నీకు తెలుసు. పాత హారన్లు, పగిలిన అద్దాలు, ఏ బస్సుదో తెలియని స్టీరింగు. నేనేమో పెళ్ళయినప్పటి నుంచి వంటింటి గుమ్మంలో మిషను వేసుకుని కుడుతున్నాను. ఎవరికి మంచినీళ్ళు కావాలన్నా నేను లేచి దారివ్వాలి. ఆ హారన్లకి ఒక గది ఉంది, నాకు లేదు.

చెక్కలు కలప అడితిలోనే కోయించుకుంటాను. చిల్లులు పొడవడానికి, స్క్రూలు బిగించడానికి ఒక డ్రిల్లు కావాలి. మీ ఊళ్ళో పనిముట్ల దుకాణాల వీధి ఉందన్నావుగా. ఇంటి పనికి సరిపోయేది, చవకలో, నాసిరకం కాకుండా చూసి పంపు. తొందరగా.

మీ పిన్ని


జూన్ 7

ప్రియమైన పిన్నీ,

నీ ఉత్తరం చదివి నిలువునా ఊగిపోయాను. వంటింటి గుమ్మంలో ఒక జీవితం, వెనక గదిలో హారన్ల సామ్రాజ్యం. ఇది నీ ఒక్కదాని పందెం కాదు పిన్నీ, గుమ్మాల్లో కూర్చున్న వాళ్ళందరి పందెం. (ఈ పేజీ దాటేయకు, డ్రిల్లు సంగతి కింద ఉంది.)

అయితే ఒక సిద్ధాంత సమస్య. మా అచ్చాఫీసులో నేను కట్టలు కట్టే కరపత్రాల్లో "పనిముట్టు ఎవరిది?" అని ఒకటి వచ్చింది. నాలుగు పేజీలే గాని నిప్పు. అందులో ఏమంటాడంటే, ఒక ఇంట్లో డ్రిల్లు తన బతుకంతా మంచం కింద పెట్టెలోనే గడుపుతుంది, అది బతికినట్టు కాదు అని. నిజమే కదా. అందుకని మా మేడలో ఉన్న అన్ని గదులవాళ్ళనీ పిలిచి ఉమ్మడి డ్రిల్లు సంఘం పెడదామన్నాను. మన సంఘం కొంటుంది, ముందు నువ్వు వాడుకుంటావు, తర్వాత అందరూ. చప్పట్లు కొట్టారు. తర్వాత ఆ డ్రిల్లు ఎవరి గదిలో ఉండాలన్న దగ్గర మాట మాట పెరిగి, కింది గది కంసాలికీ పై గదిలో కళ్ళజోళ్ళు అమ్మే అతనికీ చొక్కాలు చిరిగాయి. సంఘం ప్రస్తుతం వాయిదాలో ఉంది.

కాబట్టి దుకాణాల వీధికి వెళ్ళాను. వీధి మొదట్లో ఉన్న రెండు కొట్లు దోపిడీ. మొదటివాడు నా చొక్కా చూసి డ్రిల్లు చూపించలేదు. రెండోవాడు అన్నిటికన్నా ఖరీదైనది తీసి "ఇది కొంటే మీ మనవడు కూడా వాడతాడు" అన్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, మనవడి దగ్గరికి వెళ్ళిపోయాడు. మూడో కొట్లో కౌంటర్ దగ్గర ఒకావిడ ఉంది. నా ఈడే ఉంటుంది. విప్పేసిన డ్రిల్లు ముందు పెట్టుకుని లోపల బ్రష్షుతో దుమ్ము దులుపుతోంది. జడముడిలో పెన్సిలు దోపుకుంది. నేను పనిముట్ల మీద శ్రామికుడి హక్కు గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ తల ఎత్తకుండానే అంది:

"చెక్కకా, గోడకా?"

ఏ కరపత్రంలోనూ ఆ ప్రశ్న లేదు. "మనిషికి" అన్నాను. ఆవిడ అప్పుడు తల ఎత్తింది. "మనిషికైతే ఆసుపత్రికి వెళ్ళండి" అంది.

పిన్నీ, ఆ పొగరు చూడు. పోనీ అంతటితో ఊరుకుందా, పెన్సిలు తీసి చెవి వెనక గోక్కుని, మళ్ళీ జడలో దోపుకుని, ఇంకో గిరాకీతో మాట్లాడుతూ నా వైపు చూడకుండానే "ఇంటికెళ్ళి కనుక్కుని రండి, నేను పారిపోను" అంది. ఆ పెన్సిలుకి రెండు వైపులా మొనలున్నాయి. ఒకవైపు ఎరుపు, ఒకవైపు నీలం. అలాంటిది నేనెక్కడా చూడలేదు. ఆ కొట్టు ఆవిడది కాదు, జీతానికే చేస్తోంది, ఆ సంగతి పక్క టీ బండివాడిని అడిగి తెలుసుకున్నాను. అంటే ఆవిడ మనవైపు మనిషే. మరి అటువైపు ఎందుకు నిలబడింది? దీని గురించి ఆలోచిస్తూ రెండు స్టాపులు దాటి దిగాను.

కాబట్టి చెప్పు. చెక్కకా, గోడకా? వైరుదా, బ్యాటరీదా? నేను లోతుగా పరిశోధించకుండా కొనను.

నీ పోరాటంలో నీతో,
కరపత్రం

(బాబాయి పెట్టిన పేరే. ఇప్పుడు నాకు అది బిరుదు.)


జూన్ 10

ఒరేయ్,

నీ ఉత్తరం అడ్డంగా, నిలువుగా చదివాను. డ్రిల్లు గురించి రెండు ముక్కలు, పెన్సిలు గురించి ఒక పేజీ. నేను అడిగింది ఏమిటి, నువ్వు చూసొచ్చింది ఏమిటి?

చెక్కకి. మంచం చెక్కతో చేస్తార్రా, గోడతో చెయ్యరు. వైరుదే చాలు, మిషను పక్కన ప్లగ్గు ఉంది. బ్యాటరీది వద్దు, నేను పని మొదలుపెట్టినప్పుడే దానికి నీరసం వస్తుంది. ఉమ్మడిది అసలే వద్దు. మీ కంసాలి చిరిగిన చొక్కా పంపితే కుట్టిపెడతాను, డ్రిల్లులో వాటా మాత్రం ఇవ్వను.

చెక్కలు వచ్చేశాయి. అడితివాడు నా కొలతల కాగితం చూసి "ప్రతిదానికీ నాలుగు వేళ్ళు ఎక్కువ రాశారేంటమ్మా?" అన్నాడు. "లోపలి కుట్టులోకి వదలొద్దా?" అన్నాను. వాడు కాగితం తిరగేసి మళ్ళీ చూశాడు. తెలియనివాళ్ళకి ఏం చెబుతాం. గుడ్డయినా చెక్కయినా తర్వాత బిగువైతే వదులు చేసుకోవడానికి ఉండాలి.

మీ బాబాయి కర్ర పట్టుకుని వరండా చివరిదాకా నడిచారు. రోజూ నన్ను అడుగుతున్నారు, "మంచం ఎంతదాకా వచ్చింది, కాలు కుట్టావా, చెయ్యి కుట్టావా" అని. ఆ ముసలాయన ఇంకా నవ్వుతున్నాడు. కుట్లు ఊడతాయని నర్సమ్మ కసిరింది.

పరిశోధన చాలు. కొను.

పిన్ని

తా.క. ఆ అమ్మాయి "నేను పారిపోను" అందంటే పొగరు కాదురా మొద్దూ.


జూన్ 13

పిన్నీ,

నీ తాజా కలం అన్యాయం. నాకూ ఆవిడకీ మధ్య ఉన్నది కేవలం సిద్ధాంత విభేదం. దాన్ని తేల్చుకోవడానికే మళ్ళీ వెళ్ళాను. మర్నాడు కూడా. ఆ మర్నాడు మాత్రం వర్షం వల్ల, ఆ కొట్టు చూరు వెడల్పు.

డ్రిల్లు కొన్నాను. ఎలా ఎంచానో చెబుతాను, విను. గోడలు పొడిచే సుత్తి డ్రిల్లు వద్దంది ఆవిడ, బరువెక్కువ, చెక్కకి ఆ గుద్దులు అనవసరం. మీట నొక్కే కొద్దీ వేగం పెరిగేదే కావాలంది, ఒకే వేగంతో తిరిగేది ఇంకా చవక గాని స్క్రూ తల అరగదీస్తుందట. ఒకటి పాతది కూడా ఉంది, సగం ధరకి. నేను దాని వైపు చెయ్యి చాచాను. "అది పొగ తాగుతుంది" అంది. ఆన్ చేసి చూపించింది. నిజంగానే తాగుతుంది. చివరికి పచ్చ రంగుది, మధ్యరకం, నీ చేతికి బరువు కానిది ఎంచాం. ఎంచాం అంటే ఆవిడ ఎంచింది, నేను వాదించాను. "మా పిన్ని బట్టలు కుడుతుంది, ఇప్పుడు మంచం చేస్తోంది, పందెం" అన్నాను. ఆవిడ పెన్సిలు తీసి బల్ల మీద పెట్టింది. "అయితే ఆగండి" అని లోపలికెళ్ళి చెక్కకి వాడే బిట్లు నాలుగు, స్క్రూలు తిప్పే ముక్కులు రెండు తెచ్చి తన లెక్కలో వేసి ఇచ్చింది. నేను వర్గ సంఘీభావం గురించి చెప్పబోయాను. "వెనకాల గిరాకీ ఉన్నారు" అంది.

గదికొచ్చి కంసాలి ముందు డబ్బా విప్పితే అందులో ఒక పుస్తకం కూడా ఉంది. తెరిస్తే మొదటి పేజీ నుంచి చివరిదాకా "చెయ్యకండి, ముట్టకండి, జాగ్రత్త, ప్రమాదం". మనిషిని యంత్రానికి భయపడేలా చెయ్యడానికే రాసిన పుస్తకం. నాకు ఒళ్ళు మండి అక్కడికక్కడే చించి చెత్తబుట్టలో పడేశాను. దాని బదులు నేనే ఒక కరపత్రం రాసి డబ్బాలో పెట్టాను. పేరు "యంత్రానికి భయపడకు". నాలుగు పేజీలు. డబ్బా బస్సు పార్సిల్లో వేశాను.

పొడిచెయ్ పిన్నీ.

నీ కరపత్రం


జూన్ 16

ఒరేయ్ నా బంగారు తండ్రీ,

అందింది. అందుకున్నప్పటి నుంచి నేను ఈ లోకంలో లేను.

పచ్చగా, చిలకలా ఉంది. నీ కరపత్రం చదివాను, అందులో డ్రిల్లు ఎలా పట్టుకోవాలో తప్ప అన్నీ ఉన్నాయి. ఫరవాలేదు, నేనే కనిపెట్టాను. చూడగానే చుట్టరికం తెలిసిపోయింది. మన మిషనుకి వెనక్కి కుట్టడానికి ఒక మీట ఉంటుంది కదా, దీనికీ పక్కన అలాంటిదే ఉంది. నొక్కాను. పాత మంచం స్క్రూ మీద పెట్టాను. ర్ర్ర్ అని తిరిగి స్క్రూ బయటికొచ్చి నా అరచేతిలో పడింది, పంటి డాక్టరు పన్ను తీసినట్టు. నాకు ఒళ్ళంతా పులకరించింది.

ఇంకోటి తీశాను. ఇంకోటి. అరగంటలో పాత మంచం పలకలైపోయి గోడకి ఆనుకుంది. తర్వాత బట్టల బీరువా, దాని చెక్క పనికొస్తుందని. తర్వాత గోడ అరమర, అది వంకరగా ఉందని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. తర్వాత వంటింటి బల్ల, ఎందుకో నాకూ తెలియదు. పనికి ఎత్తుబల్ల కావాలి కదా, అందుకని వీధి తలుపు బందులు విప్పేసి, తలుపు తెచ్చి రెండు డ్రమ్ముల మీద పరిచాను. ఏమి బల్ల అనుకున్నావు, రాజుగారి బల్ల. ఇప్పుడు ఇంట్లోకి గాలి బాగా వస్తోంది. కుక్క కూడా వస్తోంది.

పక్కింటావిడ వచ్చి చూసి "ఏంటొదినా, ఇల్లు పీకి పందిరేస్తున్నావా" అంది. "మీ ఉయ్యాల బల్ల కూడా తెచ్చుకో, విప్పిపెడతాను" అన్నాను. తెచ్చుకుంది. విప్పాను.

రేపటి నుంచి బిగింపు. మీ బాబాయి నవ్వు నేను చూస్తాను.

ఎగిరి గంతేస్తూ,
పిన్ని


జూన్ 19

విప్లవ వందనాలు పిన్నీ,

నీ ఉత్తరం అచ్చాఫీసులో గట్టిగా చదివి వినిపించాను. ప్రూఫులు దిద్దే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కూల్చనివాడు కట్టలేడు. పాత మంచం, పాత బీరువా, పాత తలుపు. తలుపు మాట చదివినప్పుడు నేను కుర్చీ ఎక్కాను. కుర్చీ విరిగింది. అది కూడా పాతదే.

ఆ ఉత్తరం ఆవిడకి కూడా చదివి వినిపించాను. ఆవిడ మొదటిసారి నవ్వింది. పెద్దగా కాదు, ఒకవైపు నుంచి. నవ్వి, "విప్పింది సరే, ఏదైనా బిగించారా?" అని అడిగింది. ఎప్పుడూ ఇంతే పిన్నీ, ఆకాశంలో ఉన్నవాడిని కాలు పట్టి కిందికి లాగుతుంది. "చరిత్రలో ముందు విప్పడమే వస్తుంది" అన్నాను. "చరిత్ర సంగతి కాదు, మంచం సంగతి" అంది.

మంచం సంగతి రాయి. ఆవిడకి చూపించాలి.

కరపత్రం


జూన్ 22

ఒరేయ్,

కొంప మునిగింది.

బిట్టు పెట్టి చెక్క మీద ఆనించాను. తిరుగుతుంది, అరుస్తుంది, పొగ వస్తుంది, చిల్లు పడదు. నా బరువంతా వేసి నొక్కితే చెక్క మీద నల్లటి బొట్టు పడింది, దిష్టి చుక్కలా. ఇల్లంతా మాడువాసన. స్క్రూ పెట్టి తిప్పితే లోపలికి వెళ్ళడం మానేసి నా మొహం మీదికి ఎగురుతుంది. ముక్కులు మార్చాను, చెక్క మార్చాను, ప్లగ్గు మార్చాను, దణ్ణం పెట్టాను. నువ్వు రాసిన "యంత్రానికి భయపడకు" మళ్ళీ చదివాను. నాకు భయం లేదు, దానికే నా మీద గౌరవం లేదు.

విప్పమంటే ఇప్పుడూ విప్పుతుంది. పక్కింటావిడ ఉయ్యాల బల్ల ముక్కలు ఒళ్ళో పెట్టుకుని మా అరుగు మీద కూర్చుంది, కదలదు. నేను నేల మీద పడుకుంటున్నాను. బట్టలు తాడు మీద, గిన్నెలు నేల మీద, తలుపు డ్రమ్ముల మీద. ఎల్లుండి కాక ఆవలెల్లుండి మీ బాబాయిని పంపించేస్తారట.

ఒరేయ్, నాకు ఒక్కటే అనిపిస్తోంది. ఆ పెన్సిలు పిల్ల నిన్ను నవ్వించి, మాటల్లో పెట్టి, సగం పనిచేసే యంత్రం అంటగట్టింది. బిట్లు ఊరికే ఇచ్చినప్పుడే అనుమానపడాల్సింది నేను. నిన్ను అనను, నీ వయసు అలాంటిది. కానీ ఆ గది పోతే, నాయనా, నేనింక ఆ గుమ్మంలోనే.

పిన్ని


జూన్ 24, ఉదయం

పిన్నీ,

నా రక్తం మరుగుతోంది. నవ్వింది, ఒకవైపు నుంచి నవ్వింది. ఆ నవ్వుకి అర్థం ఇప్పుడు తెలిసింది. ఒక గుమ్మంలో కూర్చున్న మనిషి ఆశని విప్పి చేతిలో పెట్టి, బిగించడానికి మాత్రం ఇవ్వకపోవడమా. ఇది ఒక్క డ్రిల్లు మోసం కాదు, ఈ లోకం నడిచే తీరే ఇది. విప్పే యంత్రాలు మనకి, బిగించే యంత్రాలు వాళ్ళకి.

పొద్దున్నే "విప్పే యంత్రం" అని కరపత్రం రాసి అచ్చు వేయించాను. ఎర్ర కాగితం. ప్రూఫులాయన, కళ్ళజోళ్ళతను, కంసాలి నాతో వస్తున్నారు. కంసాలీ కళ్ళజోళ్ళతనూ నీ కోసం రాజీపడ్డారు. ఇప్పుడే ఆ కొట్టు ముందు నిలబడబోతున్నాం. ఆవిడ పెన్సిలు సంగతి తేలుస్తాను.

ఈ ఉత్తరం దారిలో పోస్టు డబ్బాలో వేస్తున్నాను. ఇది నీకు అందేలోగా న్యాయం జరిగిపోతుంది.

నిప్పులతో,
కరపత్రం


జూన్ 24, మధ్యాహ్నం

పిన్నీ, పిన్నీ,

ముందు ఉత్తరం చదవకుండా చింపెయ్. చదివేసి ఉంటే మర్చిపో. ముందు ఇది చెయ్: డ్రిల్లు పక్కన ఉన్న ఆ మీట రెండో వైపుకి నెట్టు. అంతే. ఇక మిగతాది నిదానంగా చదువు.

కొట్టు ముందు నిలబడి నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. జనం చేరారు. ఆవిడ బయటికి వచ్చి, ఎర్ర కాగితం తీసుకుని, గోడకి ఆనుకుని మొత్తం చదివింది. ఒక్క లైను కూడా దాటెయ్యలేదు, నువ్వయితే దాటేసేదానివి. చదివి మడత పెట్టి, "విప్పుతోందా?" అని అడిగింది. "విప్పుతోంది, అదే కదా నేరం" అన్నాను. "చక్కగా విప్పుతోందా?" అంది. "అద్భుతంగా" అన్నాను. ఆవిడ లోపలికెళ్ళి అచ్చం అలాంటి పచ్చ డ్రిల్లు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఈ మీట ఇటు ఉంటే విప్పుతుంది. అటు ఉంటే బిగిస్తుంది. మీ పిన్నిగారు ఇటు పెట్టి మళ్ళీ అటు పెట్టలేదు."

"మా పిన్ని అంత అమాయకురాలు కాదు" అన్నాను.

"అమాయకత్వం కాదండీ. మా అమ్మా కుడుతుంది. కుట్టు మిషనులో వెనక్కి కుట్టే మీట వదిలెయ్యగానే దానంతట అదే పైకి లేస్తుంది. ఇది లేవదు. పెట్టిన చోటే ఉంటుంది. డబ్బాలో పుస్తకం ఉంది కదా, రెండో పేజీలో బొమ్మ వేసి ఉంటుంది."

పిన్నీ, జనం అందరూ నా వైపు చూశారు. "ఆ పుస్తకం" అని, చేతిలో మిగిలిన ఎర్ర కాగితాలు వీపు వెనక దాచుకున్నాను. నా వెనక ఉన్న కంసాలి "అది మనవాడు చించేశాడమ్మా, ఎదురుగానే ఉన్నాను" అని గట్టిగా చెప్పాడు. ఎందుకు తీసుకెళ్ళాను వాడిని. కళ్ళజోళ్ళతను ఆ గొడవలోనే లోపలికెళ్ళి ఒక డ్రిల్లు బేరమాడి కొనుక్కున్నాడు. ఉమ్మడిది కాదు, సొంతానికి.

ఆవిడ ఏమందో తెలుసా? "పిన్నిగారికి అందుతుందా ఈ సంగతి? రేపే కదా ఆయన వచ్చేది?" అంది. నన్ను తిట్టలేదు. నీ మంచం సంగతే అడిగింది. "ఫోను చెయ్యండి" అంది. ఫోను అమ్మేశానని చెప్పాను. తన ఫోను తీసి ఇచ్చింది. నీ నంబరు నాకు నోటికి రాదు పిన్నీ. అన్నీ ఫోనులోనే ఉండేవి.

ఈ ఉత్తరం బస్సు పార్సిల్లో వేస్తున్నాను. పరిగెత్తుతున్నాను.

సిగ్గుతో,
నీ మేధావి


జూన్ 27

ఒరేయ్ మేధావీ,

నీ రెండు ఉత్తరాలూ ఇవాళే, ఒకేసారి అందాయి. పార్సిల్ ఆఫీసులో నీ ఉత్తరాన్ని ఎవరివో టైర్ల కింద పెట్టారట. ఒకటి నిప్పులు, ఒకటి నీళ్ళు. రెండూ కలిపి చదివితే ఆవిరి వచ్చింది.

మొన్న ఏం జరిగిందో విను. పొద్దున్నే లేచి, నల్లబొట్లు పెట్టిన చెక్కల మధ్య కూర్చున్నాను. ఎలాగూ ఓడిపోయాను, ఓడేటప్పుడు కూడా పని మీదే ఉండాలని ఆ డ్రిల్లు పట్టుకుని నొక్కుతున్నాను. పొగ. ఇంతలో వీధిలో హారను. బస్సునే ఇంటి ముందు ఆపించారు, ప్రయాణికులతో సహా. కర్ర పట్టుకుని మీ బాబాయి దిగారు. ఈసారి మెట్టు చూసుకుని.

గుమ్మం దాకా వచ్చి ఆగారు. లోపల బీరువా లేదు, బల్ల లేదు, అరమర లేదు, మంచం లేదు. చెక్కలూ, నేనూ, పక్కింటావిడా, కుక్కా. నేను డ్రిల్లు ఆపి లేచి నిలబడ్డాను. "నవ్వండి" అన్నాను.

నవ్వలేదు. చెవి అటు పెట్టి, "ఆపావెందుకు, ఇంకోసారి తిప్పు" అన్నారు. తిప్పాను. బస్సు ఇంజను వింటున్నట్టు కళ్ళు మూసుకుని విన్నారు. "ఏదీ, ఇలా ఇవ్వు" అన్నారు. గుమ్మం బయటే అరుగు మీద కాలు చాపుకుని కూర్చుని, డ్రిల్లు ఒళ్ళో పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. "నిక్షేపంలా ఉంది. లోపల మోటారులో బొగ్గుపొడి పడినట్టుంది, ఊదాను. ఇప్పుడు పొడువు" అని తిరిగి ఇచ్చారు.

ఊదలేదురా. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన బొటనవేలు ఆ మీట మీదికి వెళ్ళి అవతలి వైపుకి నెట్టింది. రివర్సు గేరు వేసిన చోటే ఉంటుందని డ్రైవరుకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా. నేను చూడనట్టు తల తిప్పుకుని టేపు వెతుక్కున్నాను. టేపు నా మెడలోనే ఉంది.

బిట్టు ఆనించాను. వెన్నలో వేలు పెట్టినట్టు దిగింది. పక్కింటావిడ చప్పట్లు కొట్టింది.

"ఇప్పుడు దిగి ఏం లాభం" అన్నాను, "మీరు వచ్చేశారుగా. పందెం పోయింది."

"ఎక్కడికి వచ్చాను?" అన్నారు.

"ఇంటికి."

"వీధి తలుపు తోసుకుని లోపల అడుగు పెట్టేసరికి అని కదా పందెం. నర్సమ్మని పిలుచుకురా, సాక్ష్యం చెబుతుంది. తలుపు ఎక్కడుంది?"

"డ్రమ్ముల మీద ఉంది."

"మరి తోసుకోవడానికి తలుపే లేని ఇంట్లోకి నేనెలా వస్తాను? నేనింకా రాలేదు. టీ మాత్రం ఇక్కడికి తెచ్చిపెట్టు."

పగలంతా ఆయన అరుగు మీదే కూర్చున్నారు. దారిన పోయేవాళ్ళు "ఎప్పుడొచ్చావన్నా?" అంటే "ఇంకా రాలేదు, దారిలో ఉన్నాను" అన్నారు. నేను లోపల పొడిచాను, బిగించాను, ఒక కాలు తలకిందులుగా బిగించి విప్పాను. విప్పడం నాకు అలవాటేగా. ఆయన ఒక్కసారి కూడా ఇలా చెయ్, అలా చెయ్ అనలేదు. ఒరేయ్, ఆయన జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చేసి ఉండరు.

దీపాలు పెట్టేవేళకి మంచం నిలబడింది. అప్పుడు వీధి తలుపు బందులు బిగించాను. తలుపు మూసి లోపల నిలబడ్డాను. బయటినుంచి ఆయన తలుపు తోసుకుని, గుమ్మం దాటి, నాలుగడుగులు వేసి మంచం ఎక్కి కూర్చున్నారు. కూర్చుని ఒకసారి అటూ ఇటూ ఊగారు.

కిర్రుమనలేదు.

ఒకటే చిక్కు. కుట్టులోకి వదిలిన నాలుగు వేళ్ళూ నాలుగు వైపులా కలిసి మంచం పెద్దదైపోయింది. పడగ్గది గుమ్మంలో పట్టలేదు. ముందు గదిలోనే ఉండిపోయింది. "ఇది మంచమా, డిపోనా" అన్నారు మీ బాబాయి. అని మధ్యలో పడుకుని రెండు చేతులూ చాపారు, ఏ అంచూ అందలేదు. పొద్దున్న లేచి, బాగా నిద్రపట్టిందని ఆయనంతట ఆయనే చెప్పారు.

హారన్లు, అద్దాలు, ఆ స్టీరింగు ఇప్పుడు పడగ్గదిలో ఉన్నాయి. వాటికి గోడకి అరమర కావాలట, నాకే ఆర్డరు ఇచ్చారు. నా మొదటి గిరాకీ. అరువు లేదన్నాను. పక్కింటావిడ ఉయ్యాల బల్ల బిగించేశాను. ఉయ్యాల కాస్త ఒకవైపు ఎక్కువ ఊగుతోంది, ఆవిడకి అదే నచ్చింది.

నీ ఉత్తరం చదివాక, ఆ మీట సంగతి ఆయనతో అందామా అనుకున్నాను. అనలేదు. బొగ్గు ఊదారనే అందరికీ చెబుతున్నాను. ఆయనా అదే చెబుతున్నారు.

ఇది వెనక గదిలో, కిటికీ పక్కన కూర్చుని రాస్తున్నాను. మిషను ఇక్కడికే తెచ్చాను. ఇందాక మీ బాబాయి కర్ర టకటకలాడించుకుంటూ మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్ళారు. అలవాటుకొద్దీ సగం లేచాను. లేవక్కర్లేదని గుర్తొచ్చి, కాసేపు అలాగే నవ్వుకుంటూ కూర్చున్నాను.

ఆ అమ్మాయిని అనవసరంగా అన్నాను. వెళ్ళి నా తరఫున క్షమాపణ చెప్పు. నీ తరఫున ఏం చెప్పాలో నీకే తెలియాలి. నాలుగు పేజీలు చెప్పకు.

మీ పిన్ని


జూన్ 30

పిన్నీ,

ఈ ఉత్తరం చిన్నది. దాటెయ్యడానికి ఏమీ లేదు.

నీ ఉత్తరం తీసుకెళ్ళి ఆవిడ చేతికే ఇచ్చాను, ఈసారి నేను చదివి వినిపించలేదు. ఆవిడ నిలబడి చదివింది. బాబాయి "ఇంకా రాలేదు, దారిలో ఉన్నాను" అన్న దగ్గర జడలోంచి పెన్సిలు తీసి దాని కింద గీత గీసింది. ఎరుపు వైపుతో. ఆ గీతతోనే తిరిగి పంపిస్తున్నాను, చూడు.

"ఆ మంచం చూడాలనుంది" అంది.

"రండి, తీసుకెళ్తాను" అన్నాను.

నా వైపు సూటిగా చూసి, "చుట్టపుచూపుగానా, చుట్టరికానికా?" అంది.

పిన్నీ, మొదటిరోజు చెక్కకా గోడకా అని అడిగినప్పుడు నాకు జవాబు తెలియలేదు. ఈసారి తెలుసు. ఒక్క మాటలో చెప్పాను. ఆవిడ డ్రాయరు తెరిచి ఒక చిన్న పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. ఆ పచ్చ డ్రిల్లు పుస్తకమే, ఇంకో ప్రతి.

"ఇది చించకుండా మొత్తం చదివి రండి. అప్పుడు వస్తాను" అంది.

రెండో పేజీలో ఉన్నాను. బొమ్మ చాలా బాగుంది.

కరపత్రం


జూలై 3

ఒరేయ్,

చదవడం అయ్యాక ఇద్దరూ రండి. వీధి తలుపు గట్టిగా బిగించాను, తోస్తే చాలు తెరుచుకుంటుంది. మంచం మీద చోటు ఉంది, మనందరం కూర్చున్నా ఇంకా మిగులుతుంది.

పిన్ని